షార్పెన్, హోన్, వెట్, గ్రైండ్: ఇంగ్లీషులో పదును పెట్టే క్రియల మధ్య తేడా ఎక్కడుంది?

ప్రశ్న

కొంతకాలంగా ఇంగ్లీషు వ్యాసాలను తెలుగులోకి అనువదిస్తున్నాను. ఇప్పుడు నా ముందున్న వ్యాసం ఒక నవలా రచయిత్రి సాహిత్య జీవితానికి సంబంధించినది. అందులో పదును పెట్టడమనే అర్థమున్న క్రియలు పేజీ పేజీకీ తగులుతున్నాయి. సంభాషణలు రాసే నేర్పును ఆమె ఏళ్ల తరబడి 'హోన్' చేసుకున్నారట. తొలి నవల మొదటి అధ్యాయం పాఠకుల కుతూహలాన్ని 'వెట్' చేసిందట. రెండో నవల వచ్చాక విమర్శకుల మధ్య విభేదాలు 'షార్పెన్' అయ్యాయట. ఆ విమర్శకులలో ఒకాయనకు 'గ్రైండ్' చేసుకోవలసిన గొడ్డలి ఉన్నదట. నిఘంటువు తెరిస్తే పదునుపెట్టు, సానపట్టు, నూరు అనే మూడు మాటలే ఈ క్రియలన్నింటికీ వంతులవారీగా కనిపిస్తున్నాయి. అన్నిచోట్లా 'పదును పెట్టు' అని రాసుకుంటూ పోతే వాక్యం తప్పు కాకపోవచ్చు గాని, మూల రచయిత నాలుగు వేర్వేరు మాటలను ఏరి కూర్చినప్పుడు ఆ ఎంపిక వెనుక ఉన్న ఆలోచన తెలుగులో నిలవడం లేదన్న బెంగ నన్ను వదలడం లేదు.

ఈ క్రియలను ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఒకదానికి బదులు ఒకటిగా వాడుకుంటారా, లేక ప్రతిదానికీ తనదైన చోటు ఉన్నదా? ఉన్నట్లయితే ఆ చోటును నిర్ణయించేది ఏమిటి? కేవలం అలవాటా, లేక ఆ మాటలు పుట్టిన పనిముట్లతో దానికి సంబంధం ఉన్నదా? ఇదే వ్యాసంలో ఒకచోట రచయిత్రి అసలు సమస్య మీదికి 'హోన్ ఇన్' అయ్యారని కూడా ఉన్నది. అది కూడా ఈ హోన్ యేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1

మీ బెంగ న్యాయమైనదే. ఈ క్రియలు ఒకదాని స్థానంలో ఒకటి ఇమిడే సందర్భాలు కొన్ని ఉన్నా, వాటి సహజమైన చోట్లు వేరు. చాలాకాలం ఇంగ్లీషు బోధించిన అనుభవంతో నాకు తోచిన దారి ఇది: క్రియ అర్థం కన్నా ముందు దాని కర్మను చూడండి. ఆ కర్మకు పదును ముందే ఉన్నదని క్రియ అనుకుంటున్నదా, లేదని అనుకుంటున్నదా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతోనే సగం చిక్కు విడిపోతుంది.

షార్పెన్ వీటన్నింటిలో విశాలమైనది. షార్ప్ అనే విశేషణానికి ప్రత్యయం చేర్చి చేసిన క్రియ అది; వైడెన్, డీపెన్, డార్కెన్ అన్నవి పుట్టిన పద్ధతిలోనే పుట్టింది. అందుకే అది ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. ఏ రాయి మీద, ఏ పనిముట్టుతో, ఎంతసేపు అన్న సంగతులు దానికి పట్టవు. పెన్సిలు, కత్తి, బుద్ధి, చూపు, జ్ఞాపకం, ప్రశ్న, నిర్వచనం, ఏదైనా దానికి కర్మ కాగలదు. అంతేకాక అది అకర్మకంగా కూడా నడుస్తుంది: నొప్పి షార్పెన్ అవుతుంది, మాట్లాడేవారి గొంతు షార్పెన్ అవుతుంది, రెండు పక్షాల మధ్య తగాదా షార్పెన్ అవుతుంది. ఈ వాక్యాలలో మంచి అన్నది లేదు. గొంతు షార్పెన్ అయిందంటే కటువుగా మారిందని అర్థం. అంటే షార్పెన్ మంచివైపూ చెడువైపూ సమానంగా వెళ్లగలదు. మీ వ్యాసంలో విభేదాల విషయంలో రచయిత దీనినే ఎంచుకోవడానికి కారణం అదే. అక్కడ మరో క్రియ ఇమడదు.

హోన్ కథ వేరు. అది మొదట క్రియ కాదు, రాయి పేరు. పాత ఇంగ్లీషులో రాయి అనే అర్థమున్న మాట నుంచి వచ్చి, పదును పెట్టే సన్నని రాయికి పేరుగా స్థిరపడి, శతాబ్దాల తరువాతనే క్రియగా వాడుకలోకి వచ్చింది. సన్నని రాయిని చేతిలోకి తీసుకునేది ఎప్పుడు? పనిముట్టుకు అంచు ఇప్పటికే ఏర్పడి ఉన్నప్పుడు. కాబట్టి హోన్ అన్న మాటలోనే 'ఉన్నదానిని ఇంకా నాణ్యం చేయడం', 'ఓపికగా, మళ్ళీ మళ్ళీ చేయడం' అన్న భావాలు ఇమిడి ఉన్నాయి. నైపుణ్యం, శైలి, వాదన, ఉపన్యాసం, హాస్యం చెప్పే తీరు దీనికి ఇష్టమైన కర్మలు. నొప్పిని ఎవరూ హోన్ చేయరు. తగాదాను కూడా చేయరు. నిన్ననే మొదలుపెట్టిన విద్యను హోన్ చేస్తున్నానని అన్నా వినేవారికి ఏదో తేడాగా తోస్తుంది, ఎందుకంటే మెరుగు పెట్టడానికి అక్కడ ఇంకా ఏమీ లేదు.

వెట్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలని ఉన్నది, నాకు ఎంతో ఇష్టమైన మాట గనుక. దీని మూలం పాత ఇంగ్లీషులో చురుకైన, ధైర్యం గల అనే అర్థమున్న విశేషణం. అంటే ఇనుముకు పదును పెట్టడంతో పాటు మనిషిని పురికొల్పడమనే భావం కూడా దీనికి మొదటినుంచీ ఉన్నదే. తరువాత ఎవరో అలంకారంగా తగిలించినది కాదు. హామ్లెట్ నాటకంలో తండ్రి ప్రేతం మళ్ళీ కనిపించి, దాదాపు మొద్దుబారిపోయిన కొడుకు సంకల్పాన్ని వెట్ చేయడానికే వచ్చానంటుంది. సమాన గుర్తును తొలిసారి అచ్చులో వాడిన రాబర్ట్ రికార్డ్, 1557లో తెచ్చిన ఆ బీజగణిత గ్రంథానికి 'బుద్ధికి సానరాయి' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు; అక్కడి మాట వెట్‌స్టోన్. నేటి ఇంగ్లీషులో ఈ క్రియను కత్తి విషయంలో వాడేవారు అరుదు. రాయి పేరులో నిలిచిపోయింది గాని, క్రియగా మాత్రం ఆకలి, కోరిక, కుతూహలం, ఆసక్తి అనే నాలుగైదు కర్మలకే దాదాపుగా పరిమితమైపోయింది. ఆ పరిమితిలోనే దాని బలం ఉన్నది. వెట్ అయిన ఆకలి తీరిన ఆకలి కాదు. కొద్దిగా రుచి చూపించి, మిగతాదాని కోసం ఎదురుచూసేలా చేయడమే ఆ క్రియ చేసే పని. తెలుగులో 'రేకెత్తించు' దగ్గరగా ఉంటుంది. 'ఊరించు' అయితే ఇంకా దగ్గర.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. తడపడమనే అర్థమున్న వెట్‌లో హెచ్ ఉండదు, పదును పెట్టే వెట్‌లో ఉంటుంది. స్కాట్లండ్, ఐర్లండ్ వంటి చోట్ల ఆ రెండింటినీ ఉచ్చారణలో కూడా వేరు చేసేవారు ఉన్నారు గాని, ఎక్కువమంది నోట అవి ఒకటే. అందువల్ల ఆకలిని 'తడిపినట్లు' రాసిన తప్పు ఇంగ్లీషువారి రాతలోనే తరచు కనిపిస్తుంది. నోట్లో నీరూరడం గుర్తుకు వచ్చి అది సరైనదేనని చాలామంది నమ్ముతారు.

ఇక హోన్ ఇన్. దాని అసలు రూపం 'హోమ్ ఇన్'. గూటికి దారి వెతుక్కుంటూ తిరిగివచ్చే పావురాల నుంచి మొదలై, విమానాలకూ క్షిపణులకూ అంటుకుని, చివరకు 'గురి మీదికి సూటిగా చేరడం' అన్న అర్థానికి వచ్చింది. హోమ్, హోన్ వినడానికి దగ్గరగా ఉండడం వల్ల, ఏకాగ్రతలో కూడా ఒక పదును ఉన్నదనిపించడం వల్ల ఇరవయ్యో శతాబ్దంలో రెండో రూపం పాకింది. నిఘంటువులు ఇప్పుడు దానిని నమోదు చేస్తున్నాయి, కాని శ్రద్ధగా రాసేవారిలో చాలామంది ఇంకా దూరంగానే ఉంచుతారు. మీ అనువాదంలో అక్కడ పదును ప్రసక్తి తేవద్దు. 'సమస్య మూలాన్ని సూటిగా పట్టుకున్నారు' అంటే సరిపోతుంది.

సమాధానం 2

పై సమాధానంలో ఉన్న సూత్రం పనివారి బల్ల మీద ఎలా కనిపిస్తుందో చెప్పడానికి రాస్తున్నాను. నేను చెక్కపని చేస్తాను. ఉలులకూ చిత్రిక బ్లేడులకూ పదును పెట్టుకోవడం నా పనిలో భాగం. ఈ క్రియలు నాకు పర్యాయపదాలుగా ఎప్పుడూ తోచలేదు. అవి ఒకే పనిలోని వేర్వేరు దశల పేర్లు.

ఉలి అంచు విరిగిందనుకోండి, లేదా వంకరగా అరిగిందనుకోండి. అప్పుడు చేసేది గ్రైండ్. తిరిగే చక్రం మీదనో, గరుకు రాతి మీదనో ఉక్కును ఎక్కువగా తీసివేసి, అంచుకు ఏటవాలు కోణాన్ని కొత్తగా ఏర్పరచడం అది. సాధారణ ఉలికి ఈ కోణాన్ని 25 డిగ్రీలు ఉంచడం వాడుక. ఈ దశలో పని ముగిసేసరికి ఉలికి ఆకారం వస్తుంది గాని పనికివచ్చే పదును రాదు. పైగా నీరు లేకుండా చక్రం మీద ఒత్తితే పలుచని అంచు వేడెక్కి నీలిరంగుకు తిరుగుతుంది. మామూలు కార్బన్ ఉక్కు అయితే అక్కడ గట్టిదనం పోయినట్లే. ఎంత సన్నగా నూరినా ఆ అంచు ఎక్కువసేపు నిలవదు. నీలిరంగు తేలినంత మేర తీసివేసి మళ్ళీ మొదటినుంచి రావలసిందే.

తరువాతిది హోన్. సన్నని రాళ్ల మీద, మొదట 1000 రవ్వ (రాతి రేణువుల సన్నదనాన్ని తెలిపే అంకె), ఆపైన ఇంకా సన్నవి తీసుకుని, కోణాన్ని కొంచెం పెంచి 30 డిగ్రీల దగ్గర అంచు కొసను మాత్రమే తాకిస్తాం. కొద్దిసేపటికి అంచుకు వెనుకవైపున వెంట్రుక కన్నా సన్నగా ఒక లోహపు పొర మడత పడి లేస్తుంది. బొటనవేలిని అంచు మీద అడ్డంగా, బయటి వైపుకు జరిపితే గీరుకున్నట్లు తెలుస్తుంది. అంచు పొడవునా ఆ స్పర్శ ఒకేలా తగిలితే, రెండు ముఖాలూ కొస దగ్గర కలిశాయని అర్థం. ఆ పొరను వెనుకవైపు నుంచి రాతిమీద తీసివేయడం, మళ్ళీ ముందువైపు, మళ్ళీ వెనుకవైపు, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ చేయడం, ఇదంతా హోన్ కిందికే వస్తుంది. మనసులో తొందర ఉన్నవారు ఈ దశను దాటలేరు. ఇంగ్లీషువారు నైపుణ్యం విషయంలో ఈ క్రియను ఎందుకు వాడుతారో నాకు ఆ రాయి దగ్గర నిలబడినప్పుడే బాగా అర్థమవుతుంది.

చివరిది స్ట్రాప్. తోలుపట్టీ మీద అంచును వెనక్కు లాగడం. రాతి మీద అంచును ముందుకు తోయవచ్చు, తోలు మీద తోస్తే తోలు తెగుతుంది. అందుకే ఎప్పుడూ వెనుకవైపుకే. మంగలికత్తి పట్టేవారికి ఇది బాగా తెలిసిన పని. ఈ క్రియకు అలంకారపు వాడుక దాదాపుగా లేదు. బ్రిటిష్ వాడుకలో అలిగి కూర్చున్న మనిషి 'స్ట్రాప్‌లో ఉన్నాడు' అంటారు గాని, దానికీ తోలుపట్టీకీ సంబంధం లేదు.

వంటగదిలో కత్తికి వాడే పొడవాటి ఉక్కుకడ్డీని కూడా ఇంగ్లీషులో హోనింగ్ స్టీల్ అంటారు. నునుపైన కడ్డీ అయితే లోహాన్ని పెద్దగా తీయదు. వాడకంలో ఒక పక్కకు ఒరిగిపోయిన సన్నని అంచును తిరిగి నిలబెడుతుంది, అంతే. పూర్తిగా మొద్దుబారిన కత్తిని దానిమీద ఎంతసేపు రుద్దినా ఫలితం ఉండదు. పదును ముందే ఉంటేనే హోన్ అనే సూత్రానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనిపించదు. ఆ కడ్డీ మీద కత్తిని రాయడాన్ని 'స్టీల్' అని క్రియగా కూడా వాడుతారు. అయితే ఒక మనిషి తనను తాను 'స్టీల్' చేసుకున్నాడని ఎక్కడైనా చదివితే అది పదును కాదు, గుండె రాయి చేసుకోవడం. అనువాదకులు పొరబడే అవకాశమున్న చోటు అది.

ఇక షార్పెన్ అంటారా, మొత్తం పనికి అది పేరు. మా పని గురించిన ఇంగ్లీషు పుస్తకాలలో షార్పెనింగ్ అని ఒక అధ్యాయం ఉంటుంది. గ్రైండ్, హోన్, స్ట్రాప్ దానిలోపలి భాగాలుగా వస్తాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. పని దశలుగా చూడడం నాకు ఎంతో ఉపయోగపడింది. దీనినుంచే మరో సందేహం పుట్టింది. అంచు అన్నదే లేనిచోట కూడా ఈ క్రియలు కనిపిస్తున్నాయి. ఫోటోను షార్పెన్ చేయడం, సంగీతంలో స్వరాన్ని షార్పెన్ చేయడం, ఇంజను సిలిండరును హోన్ చేయడం వంటివి. వ్యాపార వార్తలలో 'మీ పెన్సిలు చెక్కుకోండి' అన్న అర్థం వచ్చే మాట కూడా ఒకసారి చదివాను. వీటికి పైన చెప్పిన సూత్రం వర్తిస్తుందా?

సమాధానం 3

వీటిలో ప్రతిదానికీ ఆయా రంగంలో ఖచ్చితమైన అర్థం ఉన్నది, అవి ఒకదానితో ఒకటి కలవవు. ఇటువంటిచోట నేను వ్యతిరేక పదాన్ని వెతుకుతాను. కత్తి విషయంలో షార్పెన్‌కు వ్యతిరేకం మొద్దుబార్చడం. ఫోటో విషయంలో వ్యతిరేకం మసకబార్చడం. స్వరం విషయంలో వ్యతిరేకం ఫ్లాటెన్, అంటే తగ్గించడం. నొప్పి విషయంలో మందగింపజేయడం. వ్యతిరేక పదం మారిందంటే మాట ఒకటే అయినా అర్థం వేరని తేలిపోతుంది, తెలుగులో కూడా వేరే మాట వెతుక్కోవాలన్న మాట.

ఫోటోను షార్పెన్ చేయడమంటే, చీకటీ వెలుగూ కలిసే సరిహద్దుల దగ్గర ఆ రెండింటి మధ్య తేడాను పెంచడం. సరిహద్దుకు ఒక పక్కన ఉన్న ముదురు భాగాన్ని ఇంకొంచెం ముదురు చేసి, రెండో పక్కన ఉన్న లేత భాగాన్ని ఇంకొంచెం లేత చేస్తే కంటికి ఆ గీత స్పష్టంగా తోస్తుంది. కెమెరా పట్టుకోలేకపోయిన వివరం దీనివల్ల కొత్తగా పుట్టదు. మోతాదు మించితే వస్తువుల చుట్టూ తెల్లని అంచులు తేలి బొమ్మ కృత్రిమంగా కనిపిస్తుంది. ఇందుకు బాగా వాడే పద్ధతికి 'అన్‌షార్ప్ మాస్క్' అని పేరు. స్పష్టత పెంచే పద్ధతికి స్పష్టత లేనిదన్న పేరేమిటని కొత్తవారు తికమకపడతారు. ఫిల్ము కాలంలో నెగెటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తీసి, రెండింటినీ ఒకదానిపై ఒకటి ఉంచి ముద్రించేవారు. మసకగా ఉన్న ఆ రెండో ఫిల్మే మాస్క్. కంప్యూటరు నేడు చేసేది అదే లెక్కను అంకెలతో చేయడం: మసక నకలును అసలు నుంచి తీసివేసి, మిగిలిన తేడాను అసలుకు కలపడం. ఇక్కడ 'పదును' అని రాస్తే పాఠకుడికి అర్థం కాకపోదు గాని, 'స్పష్టత పెంచు' అన్నదే నాకు సరిగా తోస్తుంది.

సంగీతంలో స్వరాన్ని షార్పెన్ చేయడమంటే దాని స్థాయిని పెంచడం. స్వరలిపిలో షార్ప్ గుర్తు పెట్టారంటే అది అరస్వరం పెంపు. బ్రిటిష్ వాడుకలో షార్పెన్ అంటారు, అమెరికన్ వాడుకలో షార్ప్ అనే మాటనే క్రియగా వాడడం ఎక్కువ. పాడేవారు షార్ప్‌గా పాడారని ఎవరైనా రాస్తే అది మెచ్చుకోలు కాదు. స్వరం ఉండవలసిన చోటుకన్నా కొద్దిగా పైకి జరిగిందన్న ఆక్షేపణ.

సిలిండరు హోనింగ్ కొంచెం ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ అంచు గాని మొన గాని లేనే లేవు. సన్నని రాళ్లు అమర్చిన పనిముట్టును సిలిండరు లోపల తిప్పుతూ పైకీ కిందికీ కదిలిస్తే, గోడ మీద ఒకదానినొకటి కోసుకుంటూ వాలుగా సాగే సన్నని గీతలు పడతాయి. ఆ గీతలలో నూనె నిలుస్తుంది, పిస్టన్ రింగులు గోడకు చక్కగా కుదురుకుంటాయి. రంధ్రం కొలత కూడా దీనితోనే ఖచ్చితంగా తేలుతుంది. అంటే ఈ రంగంలో హోన్ పదునును వదిలేసి, 'సన్నని రాపిడితో ఆఖరి మెరుగు' అన్న భాగాన్ని మాత్రమే తనతో తీసుకువెళ్లింది. సూత్రం ఇక్కడ కూడా చెడలేదు: సిలిండరు అప్పటికే తయారై ఉండాలి, హోన్ దానిని నాణ్యం చేస్తుంది.

పెన్సిలు మాట అమెరికన్ వ్యాపారుల వాడుక. బేరంలో ఎదుటివారిని పెన్సిలు చెక్కుకోమనడమంటే, లెక్కలు మళ్ళీ వేసుకుని ధర తగ్గించి రమ్మనడం. పదును అన్న మాటతో దీనిని అనువదించే ప్రయత్నమే చేయవద్దు.

సమాధానం 4

నాకు ఒక భేదాభిప్రాయం ఉన్నది. దశల సూత్రం చక్కగా ఉన్నది, కాని దానిని ప్రతి వాక్యం మీదా ప్రయోగించకూడదు. నైపుణ్యాలను హోన్ చేసుకోవడం, షార్పెన్ చేసుకోవడం అన్న రెండు ప్రయోగాలనూ నేటి ఇంగ్లీషు పత్రికలు ఏ తేడా లేకుండా రాస్తున్నాయి. ఉద్యోగ ప్రకటనలలోనూ శిక్షణ తరగతుల ప్రచారంలోనూ ఇది మరీ ఎక్కువ. అక్కడ హోన్ అన్న మాటలో రాయీ లేదు, ఓపికా లేదు, అరిగిపోయిన మాట మాత్రమే ఉన్నది. అటువంటి వాక్యంలో లోతు వెతికి తెలుగులో బరువైన మాట పెడితే మూలానికి లేని గంభీరత వచ్చి చేరుతుంది. కాబట్టి మాటను తూచే ముందు రాసినవారిని తూచాలి. మీ వ్యాస రచయిత నాలుగు క్రియలను నాలుగు చోట్ల సరిగ్గా కుదిర్చినట్లే కనిపిస్తున్నది గనుక మీరు తేడా పాటించడం సబబే.

గొడ్డలి సంగతి ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు. 'గ్రైండ్ చేసుకోవలసిన గొడ్డలి ఉండడం' అనే జాతీయం అమెరికాలో 1810లో ఛార్లెస్ మైనర్ అనే పత్రికా సంపాదకుడు రాసిన ఒక చిన్న కథతో వ్యాపించింది. గొడ్డలి భుజాన వేసుకున్న ఒక పెద్దమనిషి బడికి వెళ్లవలసిన ఒక అబ్బాయిని పలకరించి, ఎంత చక్కని పిల్లవాడివని పొగిడి, మీ ఇంట్లో సానరాయి ఉన్నదా అని అడుగుతాడు. పొగడ్తకు పొంగిపోయిన అబ్బాయి ఆ బరువైన రాతి చక్రాన్ని చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పుతాడు. గొడ్డలికి పదును రాగానే ఆ మనిషి స్వరం మారిపోతుంది. బడి ఎగ్గొట్టి ఇక్కడేం చేస్తున్నావు, పో అని గద్దిస్తాడు. అప్పటినుంచి ఎవరైనా అవసరానికి మించి మర్యాద చేస్తే, ఈయనకు నూరుకోవలసిన గొడ్డలి ఉన్నదేమోనని తనకు అనుమానం కలుగుతుందని కథకుడు అంటాడు. ఈ కథను చాలామంది బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు అంటగడతారు. ఫ్రాంక్లిన్ ఆత్మకథలో కూడా గొడ్డలికి పదును పెట్టించుకునే కథ ఒకటి ఉండడం ఇందుకు ఒక కారణం. కాని అది వేరే కథ. గొడ్డలి ముఖమంతా మెరిసేలా చేయాలని పట్టుబట్టినవాడు చక్రం తిప్పలేక, మచ్చలున్న గొడ్డలే బాగుంటుందని సరిపెట్టుకోవడం అందులోని విషయం.

కాబట్టి జాతీయానికి అసలు అర్థం పైకి కనబడని స్వప్రయోజనం. ఇటీవలి వాడుకలో 'పాత కక్ష', 'ఒకే విషయం మీద పట్టుదల' అనే ఛాయలు కూడా చేరాయి. ఏది వర్తిస్తుందో సందర్భం చూసి తేల్చుకోవాలి. తెలుగులో మాత్రం ఇక్కడ నూరడమన్న మాటను దరిచేరనీయకండి. కత్తులు నూరడమంటే మనకు బాహాటమైన పగ. ఇంగ్లీషు గొడ్డలిలో ఉన్నది దాచుకున్న స్వార్థం. దాదాపు ఎదురెదురు అర్థాలు.

ఇది చెబుతూనే ఒక సంతోషకరమైన సంగతి కూడా చెప్పాలి. గ్రైండ్ ఎన్ని పనులు చేస్తుందో మన 'నూరు' దాదాపు అన్ని పనులూ చేస్తుంది. మందు నూరుతాం, కత్తి నూరుతాం, కోపంతో పళ్ళు నూరుతాం. ఈ మూడింటికీ ఇంగ్లీషులో గ్రైండ్ సరిపోతుంది. రెండు భాషలూ ఒత్తిడితో కూడిన రాపిడినే చూశాయి, ఫలితం పొడి అయినా పదును అయినా పట్టించుకోలేదు. అయితే గ్రైండ్‌కు మనకు లేని మరో దారి ఉన్నది: రోజూ ఒకే పనిలో నలిగిపోవడం. ఆ అర్థంలో దానికి పదునుతో ఏ పొత్తూ లేదు, అక్కడ 'చాకిరీ' వంటి మాటే నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరి సూచనలతో నా వాక్యాలు ఇలా మారాయి. సంభాషణలు రాసే నేర్పుకు ఆమె ఏళ్ల తరబడి మెరుగులు దిద్దుకున్నారు. మొదటి అధ్యాయం పాఠకుల కుతూహలాన్ని ఊరించింది. రెండో నవల తరువాత విమర్శకుల మధ్య విభేదాలు ముదిరాయి. ఆ విమర్శకుడి మాటల వెనుక ఆయన స్వప్రయోజనం ఒకటి ఉన్నది. మూలాన్ని మళ్ళీ చదివితే ఆయన తన సొంత పత్రికను నిలబెట్టుకునే ప్రయత్నంలో ఉన్నారని తరువాతి పేరాలో తెలిసింది, కాబట్టి కక్ష కాదు, ప్రయోజనమే.

మిగిలింది ఒక్క వాక్యం. రచయిత రెండు క్రియలనూ పక్కపక్కనే పెట్టారు: కష్టాలు ఆమె చూపును షార్పెన్ చేశాయి, ఏకాంతం దానిని హోన్ చేసింది. మొదటిదానికి పదును పెట్టడం, రెండోదానికి సానపట్టడం అని రాశాను. తృప్తి కలగడం లేదు.

సమాధానం 1 రాసినవారి నుంచి

తృప్తి కలగకపోవడానికి కారణం ఉన్నది. తెలుగులో పదును పెట్టడానికీ సానపట్టడానికీ మధ్య ముందువెనుకల వరుస లేదు. సానపట్టగానే మనకు కత్తితో పాటు వజ్రం కూడా గుర్తుకు వస్తుంది, చూపు కాస్తా రత్నమైపోతుంది. మూలంలో మాత్రం రెండో క్రియ మొదటి క్రియ చేసిన పనిమీదనే ఆధారపడి ఉన్నది. కష్టాలు అంచును ఏర్పరిచాయి, ఏకాంతం ఆ అంచునే పట్టుకుని పనిచేసింది. ఆ ఆధారం తెలుగులో కనబడాలంటే 'పదును' అన్న మాటను రెండో వాక్యఖండంలోకి కూడా తీసుకువెళ్లాలి: 'కష్టాలు ఆమె చూపుకు పదును పెట్టాయి, ఆ పదునుకు ఏకాంతం మెరుగు పెట్టింది.' పెట్టడమన్న క్రియ రెండుసార్లు రావడం ఇక్కడ దోషం కాదని నా అభిప్రాయం. ఇప్పటికే నేర్పుకు మెరుగులు దిద్దుకున్నారన్న వాక్యం మీ అనువాదంలో ఉన్నది గనుక, ఆ రెండు వాక్యాలూ ఒకే పేజీలో పడితే అక్కడ మాత్రం 'సాధనతో రాటుదేల్చుకున్నారు' అని మార్చి చూడండి.